కారులో మామయ్య నెబ్యులైజర్ కోసం వేసిన వైరు చూస్తే భయమేస్తోంది, ఏం చేయాలి?

హన్మకొండ నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దని కోరారు కాబట్టి సారాంశం మాత్రమే ఇక్కడ ఇస్తున్నాను. ఆమె ఒక ప్రైవేటు బడిలో టీచరు. భర్తకు ఎనిమిదేళ్ల నాటి డీజిల్ కారు ఉంది, దాన్ని కిరాయికి తిప్పుతూ ఇల్లు గడుపుతున్నారు. డెబ్బై దాటిన మామగారికి చాలా ఏళ్లుగా ఆయాసం. మూడు వారాలకోసారి హైదరాబాద్‌లోని ఆసుపత్రిలో చూపించుకుని రావాలి. పొద్దున ఇంట్లో నెబ్యులైజర్ (మందును సన్నని తుంపరగా మార్చి పీల్పించే యంత్రం) పెట్టి బయలుదేరితే వెళ్లేటప్పుడు ఎలాగో గడిచిపోతుంది గానీ, సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు భువనగిరి దాటేసరికి ఆయనకు మళ్లీ ఊపిరి అందదు. అందుకని బజారులో 150 వాట్ల ఇన్వర్టర్ ఒకటి కొని, సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టి, దానికి నెబ్యులైజర్ తగిలించారు. మొదటిసారి బాగానే నడిచింది. రెండోసారి ఆలేరు దాటాక ప్లాస్టిక్ కాలుతున్న వాసన వచ్చింది. ప్లగ్గు పీకబోతే వేలు చురుక్కుమంది, సాకెట్ అంచు మెత్తబడి ప్లగ్గుకు అతుక్కుపోయింది. జనగామలో ఒక ఆసుపత్రికి చేరి నెబ్యులైజేషన్ చేయించేదాకా మామగారి వీపు నిమురుతూనే కూర్చున్నానని రాశారు.

మర్నాడే భర్త తెలిసిన మెకానిక్‌తో 500 వాట్ల ఇన్వర్టర్ పెట్టించారు. బ్యాటరీ నుంచి ‘డైరెక్ట్ లైను’ లాగి, కార్పెట్ కిందుగా తెచ్చి, ముందు సీటు కింద ఉంచిన ఇన్వర్టర్‌కు కలిపారు. మధ్యలో ఫ్యూజ్ లేదు, జాయింట్లకు టేపు మాత్రమే చుట్టారు. ఇన్వర్టర్ ఫ్యాను మోత వినపడకుండా దాని మీద పాత తువ్వాలు కప్పారు. ఇప్పుడు ఆ ఒక్క లైను మీదే నెబ్యులైజర్, రెండు ఫోన్లు, పిల్లవాడి ట్యాబ్, రాత్రీ పగలూ ఆగకుండా వీడియో తీసే డ్యాష్‌క్యామ్ (కారు కెమెరా) నడుస్తున్నాయి. కిరాయిలు లేక బండి నాలుగైదు రోజులు ఇంటి ముందే ఉన్నప్పుడు రెండుసార్లు సెల్ఫ్ అందుకోలేదు. బ్యాటరీ పోయిందని కొత్తది వేయించారు. మే నెలలో డ్యాష్‌బోర్డు మీద చార్జింగ్ పెట్టి మరిచిపోయిన పాత ఫోను వెనక భాగం ఉబ్బింది. ఇదంతా ఏమిటని అడిగితే, “ఇరవై ఏండ్ల సంది బండి నడుపుతున్న, నాకు తెల్వదా? నీకు అన్నిట్ల భయమే” అంటారట. మరిదిది కూడా అన్న మాటే. “నా భయం పిచ్చిదా? మామయ్యకు మందు ఆపలేను, మా ఆయనకు ఎదురు చెప్పలేను, పిల్లవాణ్ని ఆ సీటు వెనక కూర్చోబెట్టలేను. ఈసారి కారెక్కనని చెప్పేయనా?” అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా, మీ భయం పిచ్చిది కాదు. చదివినంతలో నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే అక్కరకు వచ్చినవి మీరు చివర్లో రాసిన రెండు వివరాలు: నెబ్యులైజర్ అడుగున 130 వాట్లు అని రాసి ఉందన్నది ఒకటి, లైటర్ సాకెట్ ఫ్యూజ్ నీలం రంగుదన్నది మరొకటి. భయంతో ఊరికే కూర్చోకుండా ఆ రెండూ చూసి రాశారు కాబట్టే నేను ఊహలతో కాకుండా లెక్కతో మాట్లాడగలుగుతున్నాను. అయితే మీ ఆయన గురించి కూడా ఒక మాట ముందే చెప్పాలి. ఆయన చేయించిన పని ప్రమాదకరమైనదే, కానీ అది నిర్లక్ష్యంతో చేసిన పని కాదు. ఆలేరు దగ్గర కన్నతండ్రి ఊపిరి కోసం తన్నుకులాడుతుంటే స్టీరింగ్ పట్టుకుని చూసిన మనిషి, మళ్లీ అలా జరగకూడదని మర్నాడే పరుగెత్తి చేయించిన పని అది. ఈ సంగతి గుర్తుంచుకుని మాట్లాడితే ఇంట్లో సగం చిక్కు విడిపోతుంది, ఆ విషయానికి చివర్లో వస్తాను.

ముందు ఆ రోజు సాకెట్‌లో ఏం జరిగిందో చూద్దాం. 130 వాట్ల నెబ్యులైజర్‌ను నడపడానికి ఇన్వర్టర్ బ్యాటరీ నుంచి 130 వాట్లే తీసుకోదు, మార్చే క్రమంలో కొంత వేడిగా పోతుంది కాబట్టి 150 వాట్లకు పైగానే లాగుతుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారులో వోల్టేజీ 14 దగ్గర ఉంటుంది, ఆగితే 12 చిల్లరకు దిగుతుంది. అంటే బండి నడుస్తుండగా సుమారు 11 ఆంపియర్లు, ఆగి ఉంటే 13 దాకా ఆ సాకెట్ గుండా పారుతుంది. నీలం రంగు ఫ్యూజ్ 15 ఆంపియర్లది, కనుక అది పోలేదు. మీ ఆయన “ఫ్యూజ్ కొట్టెయ్యలేదు గదా, లోడు ఎక్కువేం గాలేదు” అన్నారని రాశారు, ఆ తర్కం సహజమే గానీ పొరపాటు అక్కడే ఉంది. ఫ్యూజ్ వైరును కాపాడడానికి ఉంది. ప్లగ్గు కొసన ఉండే స్ప్రింగు బొడిపె సాకెట్ అడుగున ఎంత బిగుతుగా తాకుతోందో ఫ్యూజ్‌కు తెలియదు. ఆ తాకిడి వదులై, అక్కడ ఓమ్‌లో పదో వంతు నిరోధం ఏర్పడినా చాలు, 11 ఆంపియర్ల దగ్గర అది 12 వాట్ల వేడి అవుతుంది. రేడియోలు బాగుచేసేవాళ్ల చేతిలో ఉండే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అందులో సగం వేడి, శనగ గింజంత చోట, ప్లాస్టిక్ గొట్టం మధ్యలో, ఇరవై నిమిషాలు ఆగకుండా పుడుతూ ఉంటే ఏమవుతుందో మీరు చూశారు. పైగా రోడ్డు కుదుపులకు ఆ ప్లగ్గు కదులుతూనే ఉంటుంది. అసలు ఆ సాకెట్ పుట్టిందే సిగరెట్ వెలిగించుకోవడానికి. కొన్ని సెకన్ల పాటు వేడెక్కి బయటికి వచ్చేసే వస్తువు కోసం చేసిన నమూనాకు మనం గంటల తరబడి పని అప్పగించాం. చాలా కార్లలో సాకెట్ మూత మీదో, బండితో ఇచ్చే పుస్తకంలోనో 120 వాట్లు అని హద్దు రాసి ఉంటుంది, దాన్ని కూడా అంచుదాకా వాడకుండా 80, 90 వాట్ల దగ్గర ఆగడం మంచిది.

అందుకే ఫోన్ల విషయంలో మీరు బెంగ పడనక్కరలేదు. రెండు ఫోన్లు ఒకేసారి వేగంగా చార్జ్ అయినా 40 వాట్ల లోపే, అంటే మూడు నాలుగు ఆంపియర్లు. నమ్మకమైన కంపెనీ కారు చార్జరు సాకెట్‌లో గట్టిగా పట్టుకుని ఉంటే చాలు. కారుతో పాటు వచ్చిన పాత తరహా యూఎస్‌బీ రంధ్రాలు అర ఆంపియరో ఒక ఆంపియరో మాత్రమే ఇస్తాయి. దారి చూపించే మ్యాపు తెరిచి, తెర వెలుగుతూ ఉన్న ఫోను అంతకంటే ఎక్కువే తింటుంది కాబట్టి చార్జింగ్ పెట్టినా శాతం తగ్గుతూ కనిపిస్తుంది. అది లోపం కాదు.

ఇక సీటు కింద వైరు. అమ్మా, కరిగిన సాకెట్ కంటే ఇది చాలా పెద్ద విషయం. సాకెట్ కరిగిన రోజున వాసన వచ్చింది, మీకు ఆపే వ్యవధి దొరికింది. ఫ్యూజ్ లేని డైరెక్ట్ లైను అంత వ్యవధి ఇవ్వకపోవచ్చు. కారు బ్యాటరీని 12 వోల్టులే కదా అని తక్కువగా చూస్తాం, ముట్టుకుంటే షాక్ కొట్టదు కాబట్టి. కానీ చలికాలం పొద్దున డీజిల్ ఇంజిన్‌ను తిప్పడానికి అదే బ్యాటరీ ఒక్క క్షణంలో వందల ఆంపియర్లు ఇస్తుంది. ఆ వైరు తొడుగు ఎక్కడైనా ఒరుసుకుపోయి, లోపలి రాగి కారు బాడీ రేకును తాకితే, అంత కరెంటూ ఆ సన్నని తీగ గుండానే పరుగెడుతుంది. ఆపేవారు ఎవరూ ఉండరు. తీగ కొన్ని సెకన్లలో ఎర్రబడుతుంది, దాని మీద ఉన్న కార్పెట్ అంటుకుంటుంది. తాళం తీసి ఇంజిన్ ఆపినా లాభం లేదు, ఎందుకంటే డైరెక్ట్ లైనుకు తాళంతో సంబంధం లేదు. బండి ఇంటి ముందు ఆగి, మీరంతా నిద్రపోతున్నప్పుడు కూడా ఆ వైరులో బ్యాటరీ శక్తి అంతా కాచుకుని ఉంటుంది.

ఇలాంటి పనులు చేసిన బండ్లను విప్పి చూసిన అనుభవం నాకుంది. ఒక బండిలో వైరు బానెట్ వైపు నుంచి లోపలికి వచ్చే చోట రేకు రంధ్రానికి రబ్బరు వాషరు వేయకుండా అలాగే లాగారు. రేకు అంచు కత్తిలా ఉంటుంది. ఏడాదిలోనే తొడుగు కోసుకుపోయి, బియ్యపు గింజంత మేర రాగి తళతళమంటూ బయటపడింది. ఇంకొన్నాళ్లు తిరిగి ఉంటే అది రేకును తాకేదే. మీ బండిలో కూడా మొదట చూడవలసిన చోటు అదే. రెండోది సీటు పట్టాలు. సీటు ముందుకూ వెనక్కూ జరిపినప్పుడల్లా వైరు ఆ పట్టాల మధ్య నలుగుతుంటుంది. మూడోది టేపు చుట్టిన జాయింట్లు. మన ఎండలకు టేపు జిగురు కారిపోయి, చుట్టు జారి, మెలి పెట్టిన తీగలు వదులవుతాయి. వదులైన చోట ఏం జరుగుతుందో సాకెట్ దగ్గర చెప్పుకున్నాం.

కనుక మిగతా ఏ నిర్ణయమైనా నెమ్మదిగా తీసుకోవచ్చు గానీ, ఒక పని మాత్రం తదుపరి ప్రయాణానికి ముందే కావాలి: ఆ వైరు కొసను బ్యాటరీ టర్మినల్ నుంచి తీయించాలి. ఆటో ఎలక్ట్రీషియన్‌కు అది పది నిమిషాల పని. ముందు నెగెటివ్ టర్మినల్ విప్పి, తర్వాత పాజిటివ్ వైపు పని చేసి, బిగించేటప్పుడు నెగెటివ్‌ను చివర్లో బిగించాలి. ఇంట్లో ఎవరూ పానా పట్టుకుని ప్రయత్నించవద్దు, పానా పాజిటివ్‌కూ బాడీకీ ఒకేసారి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. వైరు తీయించాక మామగారికి మందు ఎలా అన్న ప్రశ్న మిగులుతుంది. దానికి నాకు నాలుగు దారులు కనిపిస్తున్నాయి, ప్రతిదానికీ దాని మంచీ చెడూ ఉన్నాయి.

అన్నిటికంటే ముందు డాక్టరు గారిని అడగవలసిన ప్రశ్న ఒకటుంది: దారిలో నెబ్యులైజరే కావాలా? మీ ఉత్తరంలో ఎక్కడా ఈ ప్రశ్న అడిగినట్టు లేదు. ఆయాసానికి వాడే కొన్ని మందులు ఇన్‌హేలర్ రూపంలో కూడా దొరుకుతాయి. దానికి స్పేసర్ అనే ప్లాస్టిక్ గొట్టం తగిలించి సరైన పద్ధతిలో పీలిస్తే, చాలామంది రోగుల్లో నెబ్యులైజర్‌తో సమానంగా పని చేస్తుంది. దానికి కరెంటే అక్కరలేదు. అయితే పెద్దవయసులో చేతులు వణికేవారికీ, ఊపిరి బిగబట్టలేనివారికీ ఇది కుదరకపోవచ్చు, కాబట్టి మందు పేరూ మోతాదూ డాక్టరే నిర్ణయించాలి. మామగారు పీల్చే పద్ధతిని ఆసుపత్రిలోనే ఒకసారి నర్సు ఎదుట చేయించి చూడండి. అలాగే, ఆసుపత్రి నుంచి బయలుదేరే ముందే అక్కడ ఒక నెబ్యులైజేషన్ చేయించవచ్చా అని కూడా అడగండి. అది కుదిరితే భువనగిరి దగ్గర మొదలయ్యే ఆయాసం హన్మకొండ చేరేదాకా ఆగవచ్చు. ఈ దారి పనిచేస్తే కారులో వైరు గొడవే లేదు. నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే.

రెండో దారి యంత్రాన్ని మార్చడం. మీ దగ్గర ఉన్నది గాలిని కుక్కే కంప్రెసర్ రకం, అందుకే అంత శక్తి తింటుంది, అంత మోత చేస్తుంది. మెష్ నెబ్యులైజర్ అని అరచేతిలో ఇమిడే రకం వచ్చింది. సన్నటి రంధ్రాల జల్లెడ కంపించడం వల్ల మందు పొగలా మారుతుంది. లోపల బ్యాటరీతోనో, మామూలు ఫోను చార్జరుతోనో నడుస్తుంది, కొద్ది వాట్లే చాలు. మీ 130 వాట్ల సమస్య ఒక ఫోను చార్జింగంత సమస్యకు దిగివస్తుంది. ఖరీదు కంప్రెసర్ రకం కంటే ఎక్కువే ఉంటుంది, జల్లెడను ప్రతిసారీ కడిగి ఆరబెట్టకపోతే రంధ్రాలు పూడుకుపోతాయి, కొన్ని మందులు అందులో వాడకూడదు. కనుక కొనే ముందు మామగారి మందు చీటీ చూపించి డాక్టరును అడగాలి. ఒక మాట మాత్రం చెప్పగలను: సాకెట్ మార్చడానికీ, కొత్త ఇన్వర్టర్‌కూ, కొత్త బ్యాటరీకీ మీ ఇంట్లో ఇప్పటికే పెట్టిన డబ్బు ఈ యంత్రం ఖరీదుకు దగ్గరగానో ఎక్కువగానో ఉండి ఉంటుంది.

మూడో దారి, ఉన్న ఇన్వర్టర్‌నే సరైన పద్ధతిలో బిగించుకోవడం. మీ ఆయన దీనికే మొగ్గు చూపవచ్చు, అందులో తప్పు లేదు. పద్ధతి తప్పితేనే ప్రమాదం. బ్యాటరీ పాజిటివ్ నుంచి జానెడు దూరంలోపే ఫ్యూజ్ ఉండాలి. ఇన్వర్టర్ దగ్గర ఫ్యూజ్ పెడితే చాలదు, ఎందుకంటే ఫ్యూజ్‌కూ బ్యాటరీకీ మధ్య ఉన్న వైరుకు కాపలా ఉండదు. ఫ్యూజ్ ఎంపిక వైరును బట్టి జరగాలి: నెబ్యులైజర్ ఒక్కదానికే అయితే 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 20 ఆంపియర్ల పసుపు రంగు ఫ్యూజ్ సరిపోతాయి. ఇన్వర్టర్ మీద 500 వాట్లు అని ఉంది కదా అని దానికి 500 వాట్ల పని చెప్పాలనుకుంటే 45 ఆంపియర్ల పైమాటే, దానికి ఈ వైరు చాలదు. పసుపు ఫ్యూజ్ పోయిన రోజున దాని స్థానంలో ఆకుపచ్చది, అంటే 30 ఆంపియర్లది పెట్టడమంటే తలుపు గడియ తీసేయడమే. వైరు రేకులోంచి వచ్చే చోట రబ్బరు వాషరు, దారి పొడవునా ముడతల గొట్టం, జాయింట్లకు తీగలు మెలి పెట్టి టేపు చుట్టడం బదులు నొక్కి బిగించిన లగ్గులు (వైరు కొసకు వేసే లోహపు తొడుగులు), తాళం తిప్పితేనే పనిచేసే రిలే (కరెంటుతో నడిచే స్విచ్) ఉండాలి. ఇన్వర్టర్‌ను సీటు కింద గాలి ఆడని చోట పడేయకుండా గట్టిగా బిగించాలి. ఆ తువ్వాలును ఈ రోజే తీసేయండి. ఫ్యాను మోత చేస్తోందంటే లోపలి వేడిని బయటికి నెడుతోందని అర్థం, దాని ముక్కు మూసి మనం నిశ్శబ్దం కొనుక్కుంటున్నాం. చవక రకం ఇన్వర్టర్లు ఇచ్చే కరెంటు ఇంటి కరెంటులా నున్నగా ఉండదు, మెట్లు మెట్లుగా ఉంటుంది. కంప్రెసర్ దాని మీద గుర్రుమంటూ ఎక్కువ వేడెక్కుతుంది. ‘ప్యూర్ సైన్ వేవ్’ అని ఉన్నది తీసుకుంటే నెబ్యులైజర్ ఆయుష్షు పెరుగుతుంది. ఈ దారికి ఉన్న చిక్కులు రెండు: కంపెనీ బిగించని వైరింగ్ ఉన్న బండికి ఏదైనా జరిగితే బీమా వాళ్లు ప్రశ్నలు వేయవచ్చు, పైగా ఇంత ఖర్చు పెట్టినా మామగారి ఊపిరి ఒకే ఒక వైరు మీద ఆధారపడి ఉంటుంది. కాబట్టి దీన్ని ఎంచుకున్నా, డాక్టరు ఒప్పుకున్న ఇన్‌హేలర్ ఒకటి సంచిలో ఉండి తీరాలి.

నాలుగోది ప్రయాణాన్నే సర్దుకోవడం. 163వ నంబరు జాతీయ రహదారి మీద ఉప్పల్ నుంచి కాజీపేట దాకా భువనగిరి, ఆలేరు, జనగామ, స్టేషన్ ఘన్‌పూర్ వరసగా వస్తాయి. మొన్న జనగామలో మీకు సాయం దొరికింది. అలాంటి చోటు భువనగిరిలో ఒకటి ముందే మాట్లాడి పెట్టుకుని, తిరిగి వచ్చేటప్పుడు పావుగంట ఆగి నెబ్యులైజేషన్ చేయించుకుని కదలడం ఇంకా మేలు. ఆలస్యం అవుతుంది, ప్రతిసారీ కొంత డబ్బు అవుతుంది, అంతకు మించి నష్టం లేదు. అలాగే మూడు వారాలకోసారి వెళ్లేది పరీక్షలకా, ఊరికే చూపించుకోవడానికా అని అడగండి. కొన్ని విడతలైనా వరంగల్‌లోనే చూపించుకుని, ఆ కాగితాలు హైదరాబాద్ డాక్టరుకు పంపే వీలుంటే మామగారికి మూడు వందల కిలోమీటర్ల రానుపోను శ్రమ తప్పుతుంది.

బ్యాటరీ దిగిపోవడానికి కారణం కూడా ఆ డైరెక్ట్ లైనే. డ్యాష్‌క్యామ్ తీసుకునేది 0.3 ఆంపియరే అనుకుందాం. రోజుకు 7.2 ఆంపియర్ అవర్లు, అయిదు రోజులకు 36. మీలాంటి డీజిల్ కారులో బ్యాటరీ మొత్తం నిల్వ 60 దగ్గర ఉంటుంది. దేన్నీ నడపకపోయినా స్విచ్ వేసి ఉన్న ఇన్వర్టర్ తన వంతు తాను తాగుతూనే ఉంటుంది. సగానికి పైగా ఖాళీ అయిన బ్యాటరీతో సెల్ఫ్ ఎలా అందుకుంటుంది? పాత బ్యాటరీ నేరమేమీ లేదు, కొత్తదానికీ ఇదే గతి పడుతుంది. కారు బ్యాటరీ క్షణకాలం గట్టిగా ఇచ్చి వెంటనే నిండడానికి చేసినది, అడుగంటా వాడి వదిలేస్తే రెండు మూడు సార్లకే దాని సత్తువ శాశ్వతంగా తగ్గిపోతుంది. డ్యాష్‌క్యామ్‌ను తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజ్ నుంచి కలిపిస్తే ఈ బాధ ఉండదు. రాత్రి కాపలాకు అది తప్పనిసరి అంటే, వోల్టేజీ 12.2 దగ్గరికి దిగగానే తనంతట తానే ఆపేసే కిట్ వేయించుకోవచ్చు. చేతిలో ఇమిడే వోల్ట్‌మీటరు ఒకటి కొని పెట్టుకోండి. ఇంజిన్ ఆపి గంటలు గడిచాక 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 11.8 అంటే దాదాపు ఖాళీ.

ఉబ్బిన ఫోను ఇంకా ఇంట్లోనే ఉంటే దాన్ని మళ్లీ చార్జింగ్ పెట్టకండి, నొక్కకండి, చెత్తబుట్టలో వేయకండి. సర్వీస్ సెంటరుకో, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోటుకో ఇచ్చేయండి. మే నెలలో మన దగ్గర బయటే 43, 44 డిగ్రీలు ఉంటుంది, అద్దాలు మూసిన కారులో అరగంటకే అది 60 దగ్గరికి పోతుంది, డ్యాష్‌బోర్డు అంతకంటే కాలుతుంది. ఫోన్లలో ఉండే లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చేయకూడదు. మీరు డ్యాష్‌బోర్డు సొరుగులో ఉంచుతున్నామన్న పవర్‌బ్యాంకును కూడా బండి దిగేటప్పుడు చేతిసంచిలో వేసుకుని తెచ్చుకోండి, ఎండాకాలంలో దాని చోటు కారు కాదు. కొనేటప్పుడు దాని మీద భారత ప్రమాణాల సంస్థ గుర్తూ, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్యా ఉన్నాయో లేదో చూడండి. ఫోను పట్టే స్టాండును అద్దానికి కాకుండా ఏసీ గాలి తగిలే చోట బిగిస్తే, దారి చూపిస్తూ చార్జ్ అవుతున్నా చల్లగా ఉంటుంది.

మీ ఆయన మేడారం జాతరకు కిరాయిలు తీసుకెళ్లి, రాత్రి ఇంజిన్ నడిపిస్తూ, ఏసీ వేసుకుని, అందరి ఫోన్లూ చార్జింగ్ పెట్టి కారులోనే పడుకుంటారని ఒక వాక్యంలో రాసి వదిలేశారు. నాకు ఆ వాక్యం చదివి గుండె ఝల్లుమంది. పక్కపక్కనే వందల బండ్లు ఆగి ఉన్న చోట, కదలని కారులో పొగగొట్టం నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరితే వాసన ఉండదు, మెలకువ రాదు. ఫోన్లను పవర్‌బ్యాంకుతో నింపుకుని, ఇంజిన్ ఆపి, అద్దాలు కొంచెం దించి పడుకోమని ఆయనకు తప్పకుండా చెప్పండి.

ముందు ముందు డాక్టరు ఇంట్లో ఆక్సిజన్ వాడమంటే, ఇంటి ఆక్సిజన్ యంత్రాన్ని ఈ కారు ఇన్వర్టర్ మీద నడిపే ఆలోచన చేయకండి. అయిదు లీటర్ల యంత్రం 300 వాట్లకు పైగా తీసుకుంటుంది. ప్రయాణానికి సొంత బ్యాటరీ, కారు అడాప్టరు ఉన్న చిన్న రకాలు వేరే ఉన్నాయి.

ప్రయాణంలో మళ్లీ ఎప్పుడైనా కాలిన వాసన వస్తే, ఎక్కడి నుంచి అని వెతుకుతూ కూర్చోకండి. బండి పక్కకు ఆపి, తాళం తీసి, ముందు మామగారినీ పిల్లవాణ్నీ దించి దూరంగా నడిపించండి. బానెట్ కింద నుంచి పొగ వస్తుంటే దాన్ని తెరవకూడదు, గాలి తగిలి మంట ఎగస్తుంది. 112కు గానీ 101కి గానీ ఫోను చేయండి, మామగారి కోసం 108కి చేయండి. కిరాయి బండి కాబట్టి మంటలార్పే సిలిండరు ఉండే ఉంటుంది, దాని ముల్లు ఆకుపచ్చ గీతల మధ్య ఉందో లేదో ఈ రోజే చూడండి.

ఇక మీ ఆయనతో మాట. మరిది ఎదుట గానీ, మామగారు వినేటట్టు గానీ ఈ విషయం ఎత్తకండి. తమ్ముడి ముందు ఏ అన్నా తన పని తప్పని ఒప్పుకోలేడు. తన కోసం కొడుకూ కోడలూ వాదులాడుకుంటున్నారని తెలిస్తే ఆ పెద్దాయన ఇకమీదట ఆయాసం వచ్చినా చెప్పరు. వైరు తప్పు అని మొదలుపెట్టకుండా, “ఆ రోజు ఆలేరు దగ్గర నువ్వు పడ్డ బాధ నేను చూశాను” అని మొదలుపెట్టండి. తర్వాత మాటలు తగ్గించి చేతికి పని చెప్పండి. నెబ్యులైజర్ పది నిమిషాలు నడిచాక ఇన్వర్టర్ మీద చెయ్యి పెట్టి చూడమనండి. కార్పెట్ ఎత్తి, రేకు రంధ్రం దగ్గర వైరును ఆయన కళ్లతో ఆయన్నే చూడమనండి. ఇరవై ఏళ్లు బండి నడిపిన మనిషికి అక్కడ ఒరుసుకుపోయిన తొడుగు కనిపిస్తే మీరు ఇంకేం చెప్పనక్కరలేదు. ఎలక్ట్రీషియన్ దగ్గరికి కూడా ఆయనే తీసుకెళ్లాలి, “బ్యాటరీ దగ్గర ఫ్యూజ్ వేయించుకుని రా” అన్న పని ఆయన చేతుల మీదుగానే జరగాలి. అలా జరిగితే అది భార్య భయానికి లొంగి చేసిన పని కాదు, తన బండిని తాను బాగుచేసుకున్న పని అవుతుంది.

కారెక్కనని చెప్పేయనా అని అడిగారు. ఆ మాట మీ చేతిలో ఉంది, వాడే హక్కూ మీకుంది, కానీ దాన్ని వాడితే ఏమవుతుందో చూడండి. మీరు ఎక్కకపోతే మామగారి పక్కన ఆయన ఊపిరి గమనిస్తూ కూర్చునేవారు ఉండరు, స్టీరింగ్ మీద ఉన్న మీ ఆయన వెనక్కి తిరిగి చూస్తూ నడపాల్సి వస్తుంది, వైరు మాత్రం అలాగే ఉంటుంది. దాని బదులు నేనైతే ఇలా అంటాను: “నేను వస్తాను, కానీ ఆ వైరు బ్యాటరీకి తగిలి ఉన్నంతవరకు పిల్లవాడు మా అమ్మ దగ్గర ఉంటాడు, నెబ్యులైజర్ భువనగిరిలో ఆగి పెట్టిద్దాం.” ఇందులో కోపం లేదు, మామగారికి మందు ఆగదు, మీరు దేనికి ఒప్పుకున్నారో దేనికి ఒప్పుకోలేదో ఆయనకు స్పష్టంగా తెలుస్తుంది. తదుపరి ప్రయాణానికి ఇంకా పన్నెండు రోజులుందని రాశారు. డాక్టరుకు ఫోను చేసి ఇన్‌హేలర్ సంగతి అడగడానికీ, వైరు విప్పించడానికీ ఆ వ్యవధి చాలు. డాక్టరు ఏమన్నారో, మామగారి మందు పేరేమిటో మళ్లీ రాయండి. ఇన్వర్టరే ఉంచుకోవాలని మీ ఆయన నిర్ణయించుకుంటే, దాని మీదున్న చీటీ వివరాలూ, బ్యాటరీ నుంచి సీటు దాకా వైరు పొడవూ కొలిచి పంపండి. వైరు మందం, ఫ్యూజ్ లెక్క కట్టి, ఎలక్ట్రీషియన్‌కు చూపించేటట్టు తెలుగులోనే రాసి పంపుతాను.